బుల్లెట్టు లెక్కలు

1955లో మద్రాసున కూర్పు మొదలై, ఇంగ్లండులోని రెడ్డిచ్ కర్మాగారము మూతపడిన పిమ్మటను మన దారులపై సాగుచు వచ్చిన పాత 350 బుల్లెట్టు మోటారుసైకిలు, యంత్రగణితము నేర్వదలచిన వానికి ఎన్నదగిన గురువు. ఏలయన దానియందు ఒక సిలిండరు, ఒక పిస్టను, చేతితో లెక్కింపదగిన పళ్ళచక్రములు తప్ప మఱుగుపడిన మర్మము లేవియు లేవు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. వీనిని సెంటీమీటర్లుగా మార్చి, బోరులో సగమును వర్గించి, 3.1416తోను స్ట్రోకుతోను హెచ్చించినచో 346 సీసీలు వచ్చును. అరిగిన సిలిండరును మెకానిక్కులు ఫార్టీ ఓవర్‌సైజను మేరకు, అనగా అంగుళమున వేయింట నలువది పాళ్ళు, బోరింగు చేయించినను ఆ సంఖ్య 357 దాటదు. బోరు పెంచితిమి, బలము పెరిగెనను వారి మాటలలో ఉత్సాహమే అధికము.

కంప్రెషను నిష్పత్తి మాత్రము కాగితముపై తేలునది కాదు. పిస్టను పైకొసకు చేరి వాల్వులు రెండును మూసికొనియున్న తరుణమున, ప్లగ్గురంధ్రము అన్నిటికంటె ఎత్తున నుండునట్లు ఇంజనును వాల్చి, బ్యూరెట్టుతో పలుచని నూనెను బొట్టుబొట్టుగా వదలి, బుడగలు తేలిపోవువరకు ఓపికపట్టి, రంధ్రపు అడుగుమరను నూనె తాకగానే ఆపి చదువుకొనవలయును. 63 సీసీలు పట్టెనేని, 346కు 63 చేర్చి మరల 63తో భాగింప సుమారు ఆఱున్నర. హెడ్డు గీయించి 55కు దించినచో 7.3, ఆ కొద్దిపాటి తేడాయే నాసి పెట్రోలుతో ఎండలో ఎత్తెక్కునపుడు ఇంజను టకటక కొట్టుకొనుటకు చాలును.

గేర్ల లెక్కలోనే రసమంతయు నున్నది. ఇంజను స్ప్రాకెట్టుకు 25 పళ్ళు, క్లచ్చునకు 56, భాగింప 2.24. గేరుబాక్సు స్ప్రాకెట్టుకు 16, వెనుక చక్రమునకు 38, అది 2.375. నాలుగవ గేరు ఒకటికొకటి గనుక, రెంటిని హెచ్చింప 5.32. ఇక టైరు విషయమున పుస్తకపు అంకెను నమ్మరాదు. బండిపై మనిషిని కూర్చుండబెట్టి, టైరుకును నేలకును సుద్దగీటు పెట్టి, ఒక చుట్టు నెట్టి, నేలపై గీటునుండి గీటుకు టేపుతో కొలువవలయును, బరువునకు టైరు నలుగును గదా. అది రెండు మీటర్లయినచో, నిమిషమునకు 4,000 చుట్ల వద్ద వేగము గంటకు 90 కిలోమీటర్లు. 16 తీసి 17 వేసిన 96, 18 వేసిన 101. చైనులో లింకులు సరిసంఖ్యలో నుండును గనుక, 16 పళ్ళపై ఒక పన్నుకు ఎప్పుడును లోపలి లింకే, ప్రక్కదానికి వెలుపలి లింకే తగులుచుండును; 17పై వంతు మారి అరుగుదల సమముగా పంచుకొనబడును.

అయినను లెక్క చూపిన వేగమును ఇంజను ఇచ్చితీరునని భ్రమపడరాదు. 18 పళ్ళు వేసినవాడు ఎదురుగాలి తగులగానే మూడవ గేరునకు దిగవలసివచ్చును. చుట్లు పెంచుదమన్నను, చుట్టుకు రెండుమారులు స్ట్రోకు నడచు పిస్టను 4,000 వద్దనే సగటున సెకనుకు 12 మీటర్లు పరుగిడుచున్నది. నార్టన్ వారు 1954లో మాంక్స్ 500 పందెపుబండి స్ట్రోకును 100 మిల్లీమీటర్లనుండి 85.6కు తగ్గించి, బోరును 86కు పెంచుటలోని ఆంతర్యమిదియే: ఘనపరిమాణము దాదాపు అట్లే నిలిచెను, పిస్టను పరుగు హెచ్చకయే చుట్లు పెంచుటకు తావు దొరకెను. మన బుల్లెట్టు అట్టిది కాదు. నెమ్మదిగా, దిటవుగా లాగుట దాని స్వభావము. సమతలమున ఒంటరిగా తిరుగువానికి 17 పళ్ళు తగును. భార్యాబిడ్డల నెక్కించుకొని శ్రీశైలము ఘాటెక్కువాడు 16నే ఉంచుకొనుట మేలు.