కాసుల వానా, వడగళ్ళ వానా?

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక శిల్పఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి వగైరా సప్తరత్నాలు. మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతున్నాయి. చాలామంది పండితులు ఆయన్ని మాంధాత అంటారు. ఒట్టి చక్రవర్తే అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇదేమీ చిన్న తేడా కాదు. ఒట్టి చక్రవర్తి అయితే ఆ వాన రాజవైభవం. మాంధాత అయితే, జాతక కథలో, చప్పట్లు కొట్టి రత్నాలు కురిపించుకున్నా ఆశ చావక, ఇంద్రుడి సింహాసనంలో సగం దక్కినా చాలక, మొత్తం కావాలనుకుని నేలకూలి చచ్చిన రాజు. ఒకే రాయి పొగడ్తా అవుతుంది, హెచ్చరికా అవుతుంది.

ఆ ఫోటో నందిగామలో మా అమ్మకు చూపించాను. మిరపకోతలకు పోయే మనిషి. "వడగళ్ళు పడతన్నయ్యిరా, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కల్లంలో కాయ ఏమైద్దో" అంది. నవ్వాను. యూనివర్సిటీ నేర్పిన నవ్వది. తర్వాత సిగ్గేసింది.

మనం లోకాన్ని చూసేది ఒంటితోనే, కాబట్టి అర్థంలో సందిగ్ధత తెలివితక్కువ కాదు, మన ఉనికిలోనే ఉందన్నాడు మెర్లో-పాంటీ (1945). ఎవరి ఒళ్ళు? దానికి రంగుందని 1952లో ఫానన్ చూపించాడు. మన దగ్గర కులముంది, కూలి ఉంది.

అమ్మ తప్పే చదివింది, ఒప్పుకుంటాను. శిల్పి చెక్కింది నాణేలే. కానీ పైనుంచి పడేదానికి కింద ఎవరి కష్టం పోద్దన్న ప్రశ్న పండితుల్లో ఎవరికీ తట్టలేదేం? వాళ్ళ సందిగ్ధత రాజు పేరు దగ్గరే ఆగింది. 'చిక్కనవుతున్న పాట' (1995) నాటి దళిత కవిత్వాన్ని ధ్వని లేని నినాదమన్న విమర్శకులదీ ఇదే చూపు. తమకు రెండర్థాలు తోస్తే ధ్వని, మనకు మూడోది తోస్తే అజ్ఞానం!

అసలు ధ్వని లేకపోతే లోటేంటి? అదే స్తూపం దగ్గర, క్రీ.శ. 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడనే పనివాళ్ళ పెద్ద తూర్పు ద్వారాన ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. తన ఊరు, తండ్రి, తల్లి, పెళ్ళాం, పిల్లల పేర్లు వరసగా శాసనంలో చెక్కించాడు. అందులో ఇంకో అర్థానికి చోటే ఉంచలేదు.