విక్టోరియా హాలూ, తెలుగు ప్రేక్షకుడూ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ పోయే మెట్రో దారిలో, చైతన్యపురి దాటగానే వచ్చే స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. పక్కనే వున్న అనాథ బాలల గృహాన్నిబట్టి ఆ పేరు వచ్చింది. 1901లో బ్రిటిష్ రాణి మరణించాక, ఆమె జ్ఞాపకార్థం ఆరవ నిజాం కాలంలో వెలసిన సంస్థ అది. అదే రాణి పేరున, అంతకు ముందే, మద్రాసులో ఒక రంగశాల కూడా వెలిసింది. పాలకుల కానుకల్లో ప్రజలకు నిజంగా దక్కినదెంత అన్న ప్రశ్న రెండింటికీ వర్తిస్తుంది. అనాథ గృహం సంగతి అందరికీ కనిపిస్తూనే వుంది. తెలుగు నాటక సంగీతంతో ముడిపడిన ఆ రంగశాల సంగతి మాత్రం మన విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ముందు వాస్తవాలు చూద్దాం. 1883 డిసెంబరు 17న విక్టోరియా పబ్లిక్ హాలుకు శంకుస్థాపన చేసినవాడు విజయనగరం ప్రభువు పూసపాటి ఆనంద గజపతి. నమూనా గీసినవాడు చిషోమ్ దొర. కట్టినవాడు నంబెరుమాళ్ చెట్టి. సెంట్రల్ స్టేషను పక్కన 57 గ్రౌండ్ల నేలను ఏడాదికి 28 రూపాయల చొప్పున 99 సంవత్సరాలకు ధర్మకర్తలకు కౌలుకిచ్చారు. కింద ఒకటి, మేడమీద ఒకటి, ఒక్కొక్కటి 600 మంది పట్టే శాలలు. రాణిగారి స్వర్ణోత్సవం పేరు చెప్పి ఆమె పేరు పెట్టారు. చందాదారుల్లో సంస్థానాధీశులూ జమీందార్లూ వున్నారు. జమీందారు చందా అంటే రైతు కట్టిన శిస్తే. ఆ హాలులో ఏనాడూ అడుగు పెట్టని విజయనగరం రైతు దాని ఖర్చులో తన వాటా ముందే చెల్లించాడన్నమాట!

అయినా ఆ హాలు చరిత్ర చందాదారులతో ముగిసిపోలేదు. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారి సరస వినోదిని సభను మద్రాసుకు తీసుకువచ్చి తెలుగు నాటకాలు ఆడించారు. తెలుగు నాటకంలో పద్యానికి తోడుగా పాటను నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ ప్రదర్శనలు చూసి ఉత్తేజం పొందిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే సంవత్సరం సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆ సభకు 1902 నుంచి 1936 దాకా విక్టోరియా హాలే నెలవు. తెలుగు పాట తమిళ నాటకోద్యమానికి ప్రేరణ కావడం, ఆ సభతో కలిసి బళ్ళారి రాఘవ వంటి నటుడు పనిచేయడం చిన్న విషయాలు కావు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన రాఘవ, రాణి పేరు కోసం రంగస్థలం మీదికి రాలేదు కదా.

ఇక రెండో వైపు కూడా చూడాలి. ఆ సభల్లో చేరినవారు ఎక్కువగా వకీళ్ళు, ఉద్యోగులు. కష్టజీవి పురాణ పాత్రగా తప్ప ఆ వేదిక ఎక్కలేదు. పైగా, హాలుకు పునాది వేయడానికి ఏడేళ్ళు ముందే, 1876లో, అదే ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. పాలకులు ఒక చేత్తో వేదికనిచ్చి, రెండో చేత్తో నటుడి నోరు నొక్కారు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడినప్పుడు మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తెల్లదొరల కాలపు ఆ చట్టాన్ని కేంద్రం రద్దు చేసింది 2018లో మాత్రమే.

దీన్నిబట్టి మన మిత్రులు కొందరు, ‘బూర్జువా హాలు పోతే పోనీ, మనకు పల్లెలో కళ్ళం చాలు’ అంటారు. యీ వాదంతో నేను ఏకీభవించలేను. కళ్ళంలో నాటకం ఆడటం మన బలమే. కాని నగరంలో చోటు లేకపోవడం మన బలం కాదు. మరికొందరు ఎర్ర ఇటుకల అందం చూసి కన్నీరు పెడతారు. వారికి కట్టడం కనిపిస్తుంది, అందులో కూర్చున్న మనిషి కనిపించడు.

హాలు ఎందుకు పోయింది? మద్రాసులో తొలి చలనచిత్ర ప్రదర్శనలు 1890 దశాబ్దంలో జరిగింది యీ హాలులోనే. ఆ సినిమాయే తరువాత నాటకాన్ని వెనక్కి నెట్టింది. ఇది కొంతవరకే కారణం. నేల నగరపాలక సంస్థది, నిర్వహణ ధర్మకర్తలది. టిక్కెట్టు కొన్నవాడికి ఆ పూట దాటితే ఏ హక్కూ లేదు. 1936లో సభ మౌంటురోడ్డుకు తరలిపోయింది. 1985తో కౌలు గడువు తీరింది. హాలు శిథిలమై చాలాకాలం మూతపడి వుండింది. 2023లో నగరపాలక సంస్థ పునరుద్ధరణ పనులు మొదలుపెట్టింది. గోడలు బాగుచేయడం అవసరమే. కాని అద్దె ఎంత, ఎవరికిస్తారు, ఎవరు నిర్ణయిస్తారు అన్నది గోడలకంటే ముఖ్యం.

యీ పాఠం దిల్‌సుఖ్‌నగర్‌కు అక్షరాలా వర్తిస్తుంది. చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్ హాస్టళ్ళలో, కోచింగు సెంటర్లలో వేలాది పల్లె పిల్లలున్నారు. వాళ్ళలో పాట వచ్చినవాళ్ళకు కొదవ లేదు. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి సైఫాబాదులో వుంది; త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో వుంది. ఇక్కడ అడుగడుగునా వున్నవి పెళ్ళిళ్ళ ఫంక్షన్ హాళ్ళు. వాటి అద్దె విద్యార్థి సంఘం మోయగలిగేది కాదు. ఎవరో ప్రభువు కట్టించి పేరు పెట్టుకునే హాలు మనకు వద్దు. కళాకారులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు నిర్వాహక సంఘంలో కూర్చునే హాలు, ప్రజల పన్నుతో, యీ ప్రాంతంలో కట్టమని అడగాలి. మన సంఘం చేపట్టవలసిన పని ఇది. మన పాటల నాణ్యాన్ని గూర్చి వాదించుకుంటూనే, ఆ పాట పాడే చోటు కోసం కూడా పోరాడుదాం.