ఇచ్చినవాళ్ళ మనసు, పుచ్చుకున్నవాళ్ళ ముఖం

జుంపా లాహిరి నవల 'ద నేమ్‌సేక్' (2003) గురించి మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా పేరు గురించీ, ప్రవాసం గురించీ, రెండు సంస్కృతుల మధ్య పెరిగిన కొడుకు గురించీ మాట్లాడుకుంటాం. 2006లో మీరా నాయర్ దాన్ని సినిమాగా తీశాక టబూ, ఇర్ఫాన్ ఖాన్‌ల నటన కూడా ఆ మాటల్లో చేరింది. ఈమధ్య మళ్ళీ చదివినప్పుడు నాకది ఒక అక్కర్లేని కానుక కథగా కనిపించింది. ప్రేమగా ఇచ్చిందే. పుచ్చుకున్నవాడికి మాత్రం అక్కర్లేదు.

గోగోల్ గంగూలీకి పద్నాలుగేళ్ళు నిండాయి. తండ్రి అషోక్ అతని గదిలోకి వస్తాడు. చేతిలో స్వయంగా కాగితం చుట్టి తెచ్చిన పుస్తకం, రష్యన్ రచయిత నికొలాయ్ గోగోల్ కథలు. నెలల తరబడి ఎదురుచూసి తెప్పించింది. 1961లో రైలు ప్రమాదంలో శిథిలాల మధ్య పడివున్న అషోక్ బతికున్నాడని జనం గుర్తించింది ఆ రచయిత కథల పుస్తకంలోని కాగితం ఒకటి అతని చేతిలోంచి జారడం వల్లే. కొడుక్కి ఆ పేరు అందుకే. కొడుక్కి ఇదేమీ తెలియదు. బీటిల్స్ పాటలు వింటూ పడుకున్నాడు, మాటవరసకి ఒక థాంక్స్ పడేశాడు. తండ్రికి ఆ ప్రమాదం సంగతి చెప్పాలనిపించింది కానీ, పుట్టినరోజు నాడు చావు కబురెందుకని మింగేసుకుని వెళ్ళిపోతాడు. పుస్తకం పై అరలోకి చేరుతుంది.

చదువుతుంటే తండ్రి మీద జాలి కలుగుతుంది. రచయిత్రి కోరుకున్నదీ అదే కావచ్చు. నేను మాత్రం ఇంకోచోట ఆగిపోయాను. ఆ కుర్రాడి ముఖాన్ని ఎవరూ పరీక్షించలేదు. "ఒక పేజీ చదివి వినిపించు" అనలేదు. "ఇంత ప్రేమగా తెస్తే ముఖం అలా పెట్టావేం" అనలేదు. అదే పద్నాలుగేళ్ళ ఆడపిల్ల అయితే? అత్తవారింటికొచ్చిన కోడలయితే?

మా అత్తయ్య ప్రతి సంక్రాంతికీ నాకు పట్టుచీర కొంటారు. నేను కట్టేవి మంగళగిరి నూలుచీరలు. కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పుకునేదాన్ని, జానెడు జరీ అంచుతో బస్సెక్కలేను. ఆవిడకి ఈ విషయం తెలుసు. తెలిసీ కొంటారు, ఎందుకంటే ఆవిడ దృష్టిలో నేను కట్టేవి చీరలు కావు. అదే రోజు కొడుక్కి చొక్కా. అతను "నాకెందుకమ్మా ఇవన్నీ, నీకేం పన్లేదా" అని కవరు కూడా విప్పకుండా బల్లమీద పడేస్తాడు. ఆవిడ మురిసిపోయి "వాడంతే, చిన్నప్పట్నించీ" అంటారు. నా వంతు వచ్చేసరికి "రంగు నచ్చిందా అమ్మాయ్? రేపు తలంటు పోసుకుని కట్టుకో. మా చెల్లెలు వాళ్ళు వస్తారు, చూస్తారు." ఒకే ఇల్లు, ఒకే పండగ. అతను కాదంటే అది అతని స్వభావం. నేను కాదంటే అది నా పెంపకం, మా పుట్టింటివాళ్ళు నేర్పని మర్యాద.

ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో రాసిన 'ద మేనేజ్డ్ హార్ట్' పుస్తకంలో విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళ నవ్వు గురించి చర్చించింది. లోపల ఏమున్నా పైకి నవ్వు తెచ్చుకోవడం వాళ్ళ ఉద్యోగంలో భాగం, దానికి జీతముంది. ఇళ్ళల్లో ఆ పనే జీతం లేకుండా సాగుతుందని కూడా ఆమె గమనించింది. కానుక విప్పే క్షణం ఆ పనికి పరీక్ష సమయం. అందరి కళ్ళూ మన ముఖం మీదే. సంతోషం ఒక్క క్షణం ఆలస్యమైతే అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. "మర్యాదగా పుచ్చుకోవడం" గురించి హితవు చెప్పే వ్యాసాలు ఈ పని ఎవరి నెత్తిన పడుతోందో చెప్పవు.

మార్సెల్ మోస్ 1925లో కానుక మీద రాసిన వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అని మూడు బాధ్యతలు చెప్పాడు. మన బట్టల కొట్లవాళ్ళు ఆయన్ని చదవకుండానే 'పెట్టుబడి చీరలు' అని బోర్డు పెట్టుకున్నారు! పెట్టే చీరలు కాబట్టి పెట్టుబడి, సరే. కానీ ఆ మాటకున్న రెండో అర్థం కూడా అబద్ధం కాదు. ఆ చీరలు ఎవరూ కట్టుకోవడానికి కొనరు. ఇక జాకెట్టు ముక్క సంగతి మనందరికీ తెలిసిందే. వరలక్ష్మీ వ్రతం తాంబూలంలో వచ్చింది, మడత నలగకుండా బీరువాలో పడుకుని, ఇంకో ఇంటి పేరంటంలో తేలుతుంది. ఎవరూ నొచ్చుకోరు. ఎప్పుడో మనమిచ్చిందే మనకి తిరిగొచ్చినా నవ్వుకుంటామంతే. అక్కర్లేని కానుకతో ఏం చేయాలో ఆడవాళ్ళు ఎంత నాగరికంగా పరిష్కరించుకున్నారో అనిపిస్తుంది నాకు. అక్కడ వస్తువు మీద మమకారం నటించక్కర్లేదు. పలకరింపు అందితే చాలు.

పట్టుచీరకి ఆ వెసులుబాటు లేదు. దాన్ని కట్టుకు చూపించాలి.

అయితే అత్తయ్యని పితృస్వామ్యానికి ఏజెంటుగా చూపించి ఈ వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదు. ఆవిడ జీవితంలో చాలాకాలం చేతిలో సొంత డబ్బు లేదు. మావయ్య పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోంచి నెలనెలా చీటీ కడతారు. ఆ చీటీ డబ్బే నా చీర. ఏ చీర కొనాలో, ఎంతలో కొనాలో ఎవర్నీ అడగకుండా నిర్ణయించుకోవడం ఆవిడకి ఎంత ఆలస్యంగా దొరికిందో! నేను వద్దన్నది చీరనే అయినా ఆవిడకది ఆ నిర్ణయాన్ని వద్దన్నట్టే వినిపిస్తుంది. ఒకసారి "కొత్తది కాదు అత్తయ్యా, మీ పాత వెంకటగిరి చీర ఒకటివ్వండి, ఇష్టంగా కట్టుకుంటాను" అని అడిగాను. "పండగపూట కోడలికి కట్టి విడిచింది పెట్టడమా? నలుగురూ నన్నేమనుకుంటారు?" అన్నారు. ఆ మరుసటి ఏడాది నన్నూ కొట్టుకి తీసుకెళ్ళారు. రెండు చీరలు కొన్నారు, ఒకటి నాకు నచ్చింది, ఒకటి తనకు నచ్చింది. ఖర్చు రెట్టింపయింది తప్ప వాదన తేలలేదు.

అన్ని కానుకలూ ఇలా నవ్వుకోగలిగేవి కావు. నా స్నేహితురాలికి తల్లి పోయిన ఏడాది అన్నగారు పసుపు కుంకుమ, పట్టుచీర పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ప్రేమ నిజం. ఆ మధ్యాహ్నమే పొలంలో వాటా వదులుకుంటున్నట్టు సంతకం అడిగాడు. అదీ నిజమే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది, పెళ్ళికాని వాళ్ళ వరకు. 2005 సవరణ దేశమంతటా, పెళ్ళితో నిమిత్తం లేకుండా కూతురిని కొడుకుతో సమానం చేసింది. చట్టం ఇచ్చింది హక్కు, అన్న ఇచ్చింది కానుక. చీరని నవ్వుతూ పుచ్చుకున్న చేత్తో కాగితం పక్కకి నెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆమెకే తెలుసు. ఆమె నెట్టింది. చీర మాత్రం ఉంచుకుంది, అన్నకి కృతజ్ఞతలు చెప్పే మరీ. ఇలాంటి వేళ మర్యాదంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించగల ఉదాహరణ ఆమె ఒక్కతే.

మళ్ళీ నవల దగ్గరకొస్తాను. అందులో ఆడవాళ్ళ కానుకలు కూడా ఉన్నాయి, మనం గమనించం. మొదటిసారి కలకత్తా వెళ్ళేముందు అషిమ బంధువులందరికీ కొన్న వస్తువుల సంచులు బోస్టన్ రైల్లో మరిచిపోతుంది, మర్నాడు అవి భద్రంగా దొరుకుతాయి. గోగోల్ స్నేహితురాలు మాక్సీన్ అతని తల్లిదండ్రుల కోసం ఖరీదైన తినుబండారాల బుట్ట తెస్తుంది. వాళ్ళు దాన్ని ముట్టరని గోగోల్‌కి తెలుసు. లాహిరి ఈ బుట్టని దాదాపు ఒక్క వాక్యంలో దాటేస్తుంది. తండ్రి పుస్తకానికి మాత్రం నవల చివరి పేజీలు కేటాయించింది. 2000 సంవత్సరం క్రిస్మస్, ఇల్లు అమ్మేస్తున్నారు. తండ్రి పోయి ఏళ్ళయింది. ముప్ఫైరెండేళ్ళ గోగోల్ ఆ పుస్తకం తెరుస్తాడు, తండ్రి చేతిరాత మొదటిసారి చూస్తాడు, చదవడం మొదలుపెడతాడు. నాకు చాలా ఇష్టమైన ముగింపు అది. ఒక ఫిర్యాదు కూడా ఉంది. తండ్రి కానుక పద్దెనిమిదేళ్ళు అరలో ఆగగలిగింది, ఎందుకంటే అది పుస్తకం, దాని మీద సంతకముంది. కొడుకు పైన గదిలో చదువుకుంటున్న ఆ సాయంత్రమే కింద అతిథులందరి కోసం అషిమ స్వయంగా చేసిన ఖీమా క్రోకెట్లు ఖాళీ అవుతున్నాయి.