డోక్రా గీత, స్లైడు మీద లోగో

మైనం కరిగించి పోసే బస్తర్ డోక్రా బొమ్మకు ఒళ్లంతా గీతలే. గుర్రం కానీ, ఏనుగు కానీ, నెమలి కానీ, ఇత్తడి ఒంటి మీద సన్నటి దారాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చుట్టుకుపోయి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే మురిపించే ఈ గీతలే, ఆ బొమ్మను లోగోగా మార్చి స్లైడు మూలన పెట్టేసరికి గోధుమరంగు మరకగా అలుక్కుపోతాయి. బొమ్మ ఎలా తయారవుతుందో పట్టించుకోకుండా ఫొటోను అలాగే కుదించడం వల్ల వచ్చే నష్టమిది. లోగో ఎలా గీయాలన్నదానికి జవాబు ఆ బొమ్మ పోతపనిలోనే ఉంది.

విజయవాడ నుంచి భద్రాచలం, కుంట, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద కొండగావ్ ఉంది. బస్తర్ పోతపనికి పేరుపడ్డ ఊరు ఇదే. దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్న జైదేవ్ బఘేల్ ఇక్కడివారే. ఇక్కడ పోతపని చేసే గడ్వా కుటుంబాలవారు ముందుగా మట్టిలో వరి ఊక కలిపి బొమ్మ లోపలి ముద్దను చేసి ఎండబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, చిల్లుల గొట్టంలోంచి ఒత్తి దారాలు తీస్తారు. ఆ దారాన్ని ముద్ద చుట్టూ సందు లేకుండా చుడతారు. కళ్లు, నగలు, జీను అన్నీ మైనంతోనే. దాని మీద మెత్తటి మట్టి పూత పడుతుంది. మైనం మీది ప్రతి గీతనూ పట్టుకునేది ఈ మొదటి పూతే. తర్వాత ముతక మట్టి. కాలిస్తే మైనం కరిగిపోతుంది, అది వదిలిన చోటులోకి ఇత్తడి దిగుతుంది. మట్టి పగలగొడితే కానీ బొమ్మ బయటికి రాదు కనుక ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. సుమారు 10.5 సెంటీమీటర్ల మొహెంజొదారో నర్తకి కూడా మైనం కరిగించి పోసిన బొమ్మే. తెలంగాణలో ఆదిలాబాద్ ఓజాల పని కూడా ఈ పద్ధతిదే.

ఇందులో లోగో గీసేవారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒకే చిల్లులోంచి తీసిన దారంతో చిన్న బొమ్మ చేస్తే చుట్లు తగ్గుతాయి తప్ప దారం సన్నబడదు. కంప్యూటర్‌లో బొమ్మను కుదిస్తే దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. గీతల లెక్క అంతే ఉండి, మందం కరిగిపోతుంది.

లెక్క వేస్తే ఇది ఇంకా స్పష్టం. ఫుల్ హెచ్‌డీ తెర 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లు. స్లైడు ఎత్తులో పదో వంతు ఉన్న లోగోకు దక్కేది 108 పిక్సెళ్లు. ఏనుగు ఒంటి మీద పైనుంచి కిందికి 40 గీతలుంటే ఒక్కో గీతకూ దాని పక్క సందుకూ కలిపి మూడు పిక్సెళ్లు కూడా రావు. అంత ఇరుకులో తెర గీతను స్పష్టంగా చూపలేదు. దాని బదులు అసలు బొమ్మలో లేని అలలను చూపిస్తుంది. గీతకు రెండు, సందుకు రెండు పిక్సెళ్లయినా దక్కాలంటే 27 గీతలకు మించకూడదు. ప్రొజెక్టర్ పాతదైతే ఇంకా తక్కువే మేలు.

అందువల్ల ఒకే లోగోను మూడు పరిమాణాలకు మూడుసార్లు గీయడమే సరైన పద్ధతి. మొదటి స్లైడు నిండుగా నిలిచే పెద్ద బొమ్మకు గీతలన్నీ ఉండవచ్చు. విభాగాల శీర్షికల పక్కన వచ్చేదానికి పది పన్నెండు మందపాటి గీతలు చాలు. ప్రతి స్లైడు మూలనా ఉండే చిన్న గుర్తుకు రూపరేఖ, కన్ను, మహా అయితే మెడ దగ్గర రెండు చుట్లు. ఇది కళను పలచన చేయడం కాదా అని కొందరికి అనిపించవచ్చు. కానీ చిన్న బొమ్మకు చుట్లు తగ్గించే గడ్వా పనివాడి తీర్పు కూడా ఇదే.

ఇలా గీసినదాన్ని వెక్టర్ రూపంలో, అంటే ఎస్‌వీజీ ఫైలుగా దాచుకుంటే ఎంత పెంచినా అంచు చెదరదు. 2019 పవర్‌పాయింట్ దీన్ని నేరుగా తీసుకుంటుంది. వీలుకాని చోట వెనక రంగు లేని పీఎన్‌జీని, వాడే కొలతకు రెండింతలు పెద్దదిగా చేసుకోవాలి. జేపెగ్ వద్దు. దానికి పారదర్శకత లేదు, రంగు స్లైడు మీద తెల్ల డబ్బాతో సహా వచ్చి కూర్చుంటుంది. పదునైన గీతల చుట్టూ మురికి చుక్కలు కూడా తెస్తుంది. తెల్ల రంగును తీసేసే మీట నొక్కితే డబ్బా పోతుంది కానీ అంచు వెంట తెల్లటి పొర మిగులుతుంది. లోగోను ఒక్కో స్లైడులో అతికించకుండా స్లైడ్ మాస్టర్‌లో ఒక్కసారి పెడితే స్లైడు మారినప్పుడల్లా అది అటూ ఇటూ జరగదు. పరిమాణం మార్చేటప్పుడు మూల పట్టుకునే లాగాలి; పక్క అంచు లాగితే గుర్రం గాడిద అవుతుంది.

ఇత్తడి రంగు తెల్ల స్లైడు మీద వెలవెలబోతుంది. దీపాలు వెలుగుతున్న గదిలో ప్రొజెక్టర్ కాంతికి ఆ పసుపు దాదాపు కనబడదు. ముదురు గోధుమ రంగులో ఒకటి, నల్లటి స్లైడుకు లేత బంగారు రంగులో ఒకటి సిద్ధంగా ఉండాలి. మెరుపును రంగుల జారుడుతో చూపబోతే చిన్న పరిమాణంలో మకిలి పట్టినట్టు ఉంటుంది. ఒకే రంగు చాలు. బస్తర్ ఇనుప పనికి ఈ బాధ లేదు. కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసిన ఆ లేళ్లు, దీపపు కొమ్మలు ముందే నల్లటి రూపరేఖలు. ఉన్నవి ఉన్నట్టు గీస్తే లోగో.

ఏ బొమ్మను ఎంచుకోవాలన్నదీ ముఖ్యమే. డోక్రాలో చాలా మూర్తులు గ్రామాల్లో పూజలందుకునే దేవతలవి. దేవతను పేజీ నంబరు పక్కన ఇరికించి, సగం కత్తిరించి వాడటం తగదు; ఆ చోటుకు జంతువులు, పక్షులు ఉన్నాయి. బస్తర్ డోక్రా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన పేరు. 1999 నాటి చట్టం కింద ఆ పేరు మీద హక్కు నమోదైన తయారీదారులది. 2018లో కేంద్రం విడుదల చేసిన జీఐ లోగోను స్లైడులో వాడవలసి వస్తే దాని రంగూ ఆకారమూ మార్చకూడదు, సొంత గుర్తుతో కలపకూడదు. రెండింటి మధ్య తగినంత ఖాళీ వదలాలి.