నోరు ఎండుతోందా?

వింత కేసులు అచ్చు వేసుకుంటే రోగికి ఒరిగేదేమిటన్న విసురు ఈ వారం మళ్ళీ చెవినపడింది. కేస్ రిపోర్టుల తరఫున ఈ కాలమ్ ఎన్నిసార్లు వాదించిందో పాఠకులకు తెలుసు. ఈసారి షోగ్రెన్ జబ్బునే తీసుకుందాం. 1933లో దాన్ని వివరంగా రాసిన హెన్రిక్ షోగ్రెన్ కంటి డాక్టరు. అందుకే కళ్ళూ నోరూ ఎండిపోయే వ్యాధిగానే అది గుర్తుండిపోయింది. మన దేశపు కేస్ రిపోర్టుల్లో అది వేరే దారిన కూడా వస్తుంది. రాత్రి మామూలుగా పడుకున్న మహిళ తెల్లారేసరికి కాళ్ళు కదపలేదు. రక్తంలో పొటాషియం బాగా పడిపోయి ఉంటుంది. అది ఎక్కించగానే లేచి నడుస్తుంది, ఇంటికి పంపేస్తారు, కొన్నాళ్ళకు మళ్ళీ అదే మంచం. అసలు లోపం కిడ్నీలో ఉంది: ఒంట్లోని రక్షణ వ్యవస్థే మూత్రనాళికల చివరి భాగాన్ని దెబ్బతీయడంతో ఆమ్లం లోపలే నిలిచిపోతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. రక్తం ఆమ్లం వైపు మొగ్గినా మూత్రం పీహెచ్ 5.5 కంటే దిగదు. థైరాయిడ్ వల్లనో వంశపారంపర్యంగానో కాళ్ళు పడిపోయేవారిలో ఈ ఆమ్లత కనిపించదు. అంటే ఒక్క బైకార్బొనేట్ పరీక్ష చూసినా దారి దొరుకుతుంది. ఆ తర్వాత అడగాల్సినవి చిన్న ప్రశ్నలే: నీళ్ళు తాగకుండా ముద్ద దిగుతోందా, పళ్ళు వరసగా పుచ్చిపోతున్నాయా, కిడ్నీలో రాళ్ళున్నాయని ఎవరైనా చెప్పారా.

అరుదైనవాటి వెంట పడితే మామూలు జబ్బులు చేజారతాయన్న అభ్యంతరం సబబైనదే. జ్వరం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు కనిపిస్తే మన దగ్గర ముందు టీబీనే వెతకాలి, రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్‌ను కాదు. ఇలాంటి జబ్బుల్లో సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్ష అందరికీ రాసేసినా చిక్కే. సీరమ్‌ను 1:80 మేర పలచన చేసి చూస్తే ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 13 శాతం మందికి పాజిటివ్ వస్తుందని తేలింది. ఇక్కడే కేస్ రిపోర్టుల మీద నా పాత నమ్మకం కొంత సడలుతోంది. అవి గురి తగిలిన కేసునే చూపిస్తాయి, అవే లక్షణాలతో వచ్చి ఏ వింతా లేకుండా వెళ్ళిపోయినవాళ్ళ లెక్క చెప్పవు. ఎంత అరుదో చాటే వాక్యంతో మొదలయ్యే రిపోర్టుల కన్నా, మొదటి అడ్మిషన్‌లో ఏ ప్రశ్న అడగలేదో, ఏ పరీక్ష చేయలేదో, పొటాషియం సరిచేయకముందే బైకార్బొనేట్ ఇస్తే ఆ పొటాషియమే ఇంకా పడిపోతుందన్న సంగతి ఎవరు గమనించారో రాసినవే ఇప్పుడు మనకు కావాలి.