ఎనభైలో కొత్త పాట

‘ఈ వయసులో కూడా ఎంత బాగా పాడారో!’ అనే మెచ్చుకోలు నాకు నచ్చదు. అందులో సగం జాలే. రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ ‘హ్యాక్నీ డైమండ్స్’ 2023 అక్టోబరు 20న వచ్చినప్పుడు ఎక్కువగా వినపడింది ఆ మాటే. గాయకుడు మిక్ జాగర్‌కు అప్పటికే ఎనభై నిండాయి, గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కు రెండు నెలల్లో నిండబోతున్నాయి. సొంత పాటలతో ఆల్బమ్ చేసి 18 ఏళ్లయింది. మధ్యలో 2016లో వచ్చినవి పాత బ్లూస్ పాటలు. 1981 నాటి ‘టాటూ యూ’ తర్వాత ఇంత మంచిది రాలేదని కొందరన్నారు. ఆ రోజుల ముందు ఇదెంత అని ఇంకొందరు పెదవి విరిచారు. ఎటు చూసినా చర్చంతా పాత రికార్డుల గురించే.

నేను మాత్రం డ్రమ్స్ కోసం విన్నాను. 1963 నుంచి ఆ బ్యాండు లయను మోసిన చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన వాయింపులో ఒక అలవాటుంది. ఎడమ చెయ్యి స్నేర్ డ్రమ్ మీద పడే క్షణంలో కుడిచెయ్యి హై-హ్యాట్ తాళాల మీంచి లేచిపోతుంది. చాలామంది డ్రమ్మర్లు రెండూ కలిపి కొడతారు. ఆయన ఒకటి వదిలేస్తారు, దాంతో స్నేర్ దెబ్బ ఒంటరిగా, పొడిగా చెవిన పడుతుంది. గాయకుడికి చోటిచ్చే మృదంగ విద్వాంసుడి సంస్కారం అది.

ఈ ఆల్బమ్‌లో ఆరు నుంచి తొమ్మిది దాకా పాటల్ని వరుసగా వినండి. ఆరోది వాట్స్ స్థానంలోకి వచ్చిన డ్రమ్మర్ స్టీవ్ జోర్డన్ వాయించారు. ఏడు, ఎనిమిది పాటల్లో వాట్స్ ఉన్నారు, ఆయన బతికుండగా రికార్డు చేసి దాచినవి. తొమ్మిదిలో మళ్లీ జోర్డన్. ఏడో పాట ‘మెస్ ఇట్ అప్’ మొదలవగానే నేల మారినట్టు తెలిసిపోతుంది. ఎనిమిదో పాటలో బిల్ వైమన్ బేస్ వాయించారు. బ్యాండు వదిలి ముప్ఫై ఏళ్లయిన మనిషి, పాత జోడీదారు పక్కన చేరారు. జోర్డన్ దెబ్బ బరువైనది. వాట్స్‌ను అనుకరించే ప్రయత్నం ఆయన చెయ్యలేదు, అది నాకు గౌరవంగా అనిపించింది.

నా అభ్యంతరమల్లా ఆండ్రూ వాట్ నిర్మాణం మీద. ప్రతి ధ్వనినీ తుడిచి, మెరుగుపెట్టి ముందుకు తోశారు. స్టోన్స్ సంగీతానికి ప్రాణం రెండు గిటార్ల అల్లిక. కీత్ ఒక ముక్క వాయించి ఆగితే రానీ వుడ్ అందుకుంటారు, ఎవరిదేదో విడదీయలేం. మొదటి పాట ‘యాంగ్రీ’లో ఆ అల్లిక బిగుసుకుపోయింది.

లేడీ గాగా, స్టీవీ వండర్ కలిసిన ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’ను అందరూ ఆకాశానికెత్తారు. ఆ పొగడ్త న్యాయమే. అయిపోయిందనుకున్న పాట మళ్లీ లేచే చోట గాగా, జాగర్ ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటూ పాడతారు. అయినా నా ఓటు చివరి పాటకే. మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట అది, 1962లో బ్యాండు పేరు పెట్టుకున్నది దాన్నుంచే. ఇక్కడ ఉన్నది ఇద్దరే. కీత్ గిటారు, జాగర్ గొంతు, హార్మోనికా. మిగతా ఆల్బమ్ దాచిన గరుకంతా ఇందులో బయటపడింది. ఆ గరుకుతోనే పాట నిలబడింది.

2025 ఫిబ్రవరిలో ఈ ఆల్బమ్‌కు ఉత్తమ రాక్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. ఈ ఆల్బమ్‌ను బ్యాండు వీడ్కోలుగా రాసినవాళ్లతో నేను ఏకీభవించను. 2024 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో మొదలుపెట్టి జులై దాకా ఉత్తర అమెరికా స్టేడియాలు తిరిగారు, పాత పాటల మధ్య ‘యాంగ్రీ’ని కూడా వాయించారు. రికార్డులో బిగుసుకున్న ఆ గిటార్లకు వేదిక మీద ఊపిరాడింది. ఆ పాట నాకు నచ్చింది అక్కడే.