ఎలుక ఈత

కోఠీలో పాత పుస్తకాల దుకాణముల వెంట నడచుచు ఉస్మానియా వైద్య కళాశాల ముంగిటికి వచ్చినప్పుడెల్ల, పడుచుదనమున ఒకానొక ప్రయోగశాలలో నేను చూచిన నీటి తొట్టి జ్ఞప్తికి వచ్చును. పెన్నేరుగడ్డ బలము నిచ్చునా యని తెలిసికొనుటకై, తెల్ల ఎలుక తోకకు దాని బరువులో నూటికి 5 పాళ్ళ సీసము కట్టి గోరువెచ్చని నీటిలో విడిచిరి. మొదట అది గోడను గీరుచు గిరగిర తిరిగెను. పిదప రోమముల నడుమ చిక్కిన గాలిబుడగలు పోయినకొలది మేను బరువెక్కి, ముక్కు కొన మాత్రమే పైకి కనబడెను. మునిగి తిరిగి తేలలేని క్షణమున గడియారము నాపి, ఎలుకను తీసి తువాలుతో తుడిచి, నిమిషములను ‘శ్రమసహనము’ అను శీర్షిక క్రింద వ్రాసిరి.

ఈతను శాస్త్రజ్ఞులు ఎన్నుకొనుట నిష్కారణము కాదు. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. దాని నిరోధము వేగముయొక్క వర్గముననుసరించి పెరుగును గనుక, కొంచెము త్వరపడినను కండరమునకు వ్యయము అధికము. ఆ వ్యయమునకు లెక్క దొరకుటలో మనవాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, తోడి శాస్త్రజ్ఞుడైన ఫిస్క్‌తో కలసి 1925లో, ద్రావణమున తేలిన నీలివర్ణపు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1927లో వారే కండరమందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించిరి. కండరము పనిచేయునప్పుడు తరిగి, విశ్రమించినప్పుడు మరల నిండు, భాస్వరముతో కూడిన శక్తినిధి యది.

అయితే నిమిషములు శ్రమను మాత్రమే కొలుచునా? మా ఊరి బావిలో నడుమునకు జీలుగు బెండ్లు కట్టుకొని ఈత నేర్చినవాడను. బెండు జారిన నాడు నాలుగు బారలకే గుండె నోటికి వచ్చినది. నెల తిరుగకముందే అదే బావిని ఆపకుండ పది చుట్లు చుట్టితిని. నెలలో కండలెంత పెరుగును? పోయినది భయము. భయపడిన ప్రాణికి ఎడ్రినలిన్ పొంగి గుండె పరుగెత్తును. నీరు చల్లనిదైనచో దేహపు వేడి గాలిలోకంటె ఎన్నోరెట్లు శీఘ్రముగా హరించును. ఇవన్నియు ఆ ఒక్క అంకెలో కలిసిపోవును. అంతియే కాదు, 1977లో పోర్సోల్ట్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ఈత పరీక్షలో, కదలక తేలుచున్న ఎలుకను నిరాశకు గుర్తుగా గ్రహించి విషాదహర ఔషధములను పరీక్షించిరి. ఒకచోట అలసటయైన నిశ్చలత్వము మరొకచోట నిరాశ యగుట నా మనస్సునకు నేటికిని సమ్మతము కాలేదు.

పరిశోధన కుపక్రమించు యువకులారా, నిమిషముల ప్రక్కన నీటి ఉష్ణోగ్రతను, ముందుగా ఎన్ని దినములు ఎలుకను నీటి కలవాటు చేసితిరో దానిని వ్రాయుడు. ఎలుక స్వేచ్ఛగా పరుగెత్తు చక్రము చాలినచోట తొట్టిని నింపకుడు.